ఊరికే ఉండటం అనే పని

విడిభాగాలు కొని బిగించుకున్న డెస్క్‌టాప్ కంప్యూటర్లకు వచ్చే జబ్బుల్లో ఒకటి మనిషిని బాగా తికమక పెడుతుంది. గంటల తరబడి బరువైన గేమ్ ఆడినా, వీడియో ఎడిటింగ్ చేసినా ఆ యంత్రం చెక్కుచెదరదు. అన్నీ మూసేసి భోజనానికి లేచి వెళ్లి తిరిగొచ్చేసరికి మాత్రం హ్యాంగ్ అయి ఉంటుంది. తెర మీద గడియారం మనిషి లేచిన కాసేపటికే ఆగిపోయి ఉంటుంది. మౌస్ కదలదు. లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. పని ఎక్కువై వేడెక్కి ఆగిపోయిందంటే ఎవరికైనా అర్థమవుతుంది. పనేమీ లేనప్పుడు ఆగిపోవడం మన లెక్కకు అందదు. అందుకే చాలామంది వైరస్ అనో, విండోస్ పాడైందనో అనుకుని ఫార్మాట్ కొడతారు, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దుతారు, చివరికి ఒక్కో భాగమూ మారుస్తూ పోతారు. ఈ వెతుకులాట దారి తప్పడానికి మూలం ఒక నమ్మకం అని నా అభిప్రాయం: ఖాళీగా ఉన్న కంప్యూటర్ విశ్రాంతి తీసుకుంటోందన్న నమ్మకం. నేటి కంప్యూటర్ చేసే పనుల్లో చాలా చిక్కైనది ఊరికే ఉండటమే. గేమ్ ఆడేటప్పుడు నిలబడి, ఖాళీగా వదిలేస్తే పడిపోయే యంత్రంలో తప్పును ముందుగా ఆ ఊరికే ఉండే పనిలో వెతకాలి.

మొదటి నుంచీ ఇలా లేదు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 ప్రాసెసర్‌లోనే హెచ్‌ఎల్‌టీ అనే ఆదేశం ఉండేది. అది అందితే, బయటి నుంచి పిలుపు వచ్చేదాకా ప్రాసెసర్ ఆగి ఉంటుంది. అయినా ఇళ్లలో, ఆఫీసుల్లో వాడిన కంప్యూటర్లు చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. విండోస్ 95 చేయడానికి పనేమీ లేకపోయినా ప్రాసెసర్‌ను ఉన్నచోటే గిరగిరా తిప్పుతూ ఉండేది; ఆ వృథా వేడిని తగ్గించడానికి హెచ్‌ఎల్‌టీని వాడించే చిన్న ప్రోగ్రాములను జనం విడిగా తెచ్చి పెట్టుకునేవారు. అంటే అప్పట్లో ఖాళీ సమయానికీ పని సమయానికీ యంత్రం వరకు పెద్ద తేడా లేదు. ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ అవసరం ఆ తేడాను తెచ్చింది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే కరెంటు పొదుపు పద్ధతిని ముందుకు తెచ్చాయి. 1996 డిసెంబరులో తొషిబా కూడా చేరగా ఏసీపీఐ వచ్చింది. దానితో నిద్రకు మెట్లు ఏర్పడ్డాయి. సీ0 అంటే పూర్తి మెలకువ. సీ1 అంటే ఇందాక చెప్పిన హెచ్‌ఎల్‌టీ లాంటి కునుకు. సీ6 దగ్గరికి వచ్చేసరికి ప్రాసెసర్‌లోని కోర్ తన చేతిలో ఉన్న విలువలన్నీ వేరే చోట భద్రపరిచి, తనకందే వోల్టేజీని దాదాపు పూర్తిగా వదులుకుంటుంది. పిలుపు రాగానే ఆ వోల్టేజీ మళ్లీ పైకి లేవాలి, గడియారం మళ్లీ కుదురుకోవాలి, దాచిన విలువలన్నీ ఎక్కడివక్కడికి తిరిగి రావాలి. ఇదంతా సెకనులో వెయ్యో వంతు లోపే జరిగిపోవాలి.

ఆ పిలుపులు అరుదుగా వస్తాయనుకోకూడదు. మనిషి లేచి వెళ్లిన కంప్యూటర్‌కు కూడా నెట్‌వర్క్ నుంచి ఏదో ఒక కబురు వస్తూ ఉంటుంది, టైమర్లు మోగుతూ ఉంటాయి, వెనక నడిచే సర్వీసులు తలెత్తి చూస్తుంటాయి. ఒక కోర్ సెకనుకు 200 సార్లు లేచి పడుకుందనుకుందాం. గంటకు 7,20,000 సార్లు అవుతుంది. ప్రాసెసర్ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్నవన్నీ ఇదే చేస్తుంటాయి. ఎస్‌ఎస్‌డీ తనకు తానుగా తక్కువ కరెంటు స్థితిలోకి జారుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య లింకు మందగిస్తుంది, యూఎస్‌బీ పోర్టులు ఒక్కొక్కటే సద్దుమణుగుతాయి, మానిటర్ ఆరిపోతుంది. గేమ్ నడుస్తున్నప్పుడు ఇవేవీ ఈ స్థాయిలో జరగవు. ప్రాసెసర్ మెలకువగా ఉంటుంది, వోల్టేజీ ఒక పరిధిలో నిలకడగా ఉంటుంది, యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ తనకు అలవాటైన బరువు మోస్తుంటుంది. బరువు పని యంత్రానికి శ్రమ కావచ్చు గానీ తీరు సాదాగా ఉంటుంది. ఖాళీ సమయం నిండా రాకపోకలే. తప్పు జరిగే అవకాశం ఆ రాకపోకల దగ్గరే ఎక్కువ.

ఇది ఊహతో చెప్పే మాట కాదు. తయారీదారుల సొంత చరిత్రే దీనికి సాక్ష్యం. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చాయి. అవి గాఢ నిద్రలోకి వెళ్లినప్పుడు ప్రాసెసర్‌కు కరెంటు అందించే 12 వోల్టుల వైపు వాడకం 0.05 ఆంపియర్లకు పడిపోవచ్చు. అంతకు ముందటి ప్రమాణం కనీసం 0.5 ఆంపియర్లు ఉంటుందని అనుకుంది. పదోవంతుకు పడిపోయిన ఆ కొద్దిపాటి వాడకాన్ని కొన్ని పాత తరహా ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకోలేవు: 12 వోల్టులనూ 5 వోల్టులనూ ఒకే ఏర్పాటుతో అదుపు చేసే వాటిలో ఒక వైపు బరువు లేకుండా పోతే రెండో వైపు వోల్టేజీ కూడా గాడి తప్పుతుంది. ఎక్కువ కరెంటు ఇవ్వలేకపోవడం లోపమని అందరికీ తెలుసు. తక్కువ కరెంటు ఇవ్వలేకపోవడం కూడా లోపమేనని కొనేవాళ్లకు అప్పుడే తెలిసింది. ఎస్‌ఎంపీఎస్ కంపెనీలు హాస్వెల్‌కు పనికొచ్చే మోడళ్ల జాబితాలు ప్రకటించాయి, మదర్‌బోర్డు కంపెనీలు ఆ గాఢ నిద్రను ఆపేసే వీలు బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఉంచాయి. 2017లో ఏఎండీ మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లు వచ్చాక ఇలాంటి కథే మరో రూపంలో నడిచింది. లినక్స్ నడుపుతున్న యంత్రాలు కొన్ని ఖాళీగా ఉన్నప్పుడే నిలిచిపోయేవి. బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే అంశం వచ్చి చేరింది. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్ అని మారిస్తే చాలామందికి జబ్బు నయమైంది. ప్రాసెసర్‌ను నిద్రపుచ్చడానికి వాడే ఎంవెయిట్ ఆదేశం దగ్గర ఒక థ్రెడ్ నిలిచిపోవచ్చని ఆ తరం ప్రాసెసర్ల దోషాల పట్టికలో 1109వ సంఖ్య కింద ఏఎండీ స్వయంగా రాసుకుంది.

ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ సర్వర్ల వైపు నుంచి వస్తుంది. ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్లలో రోమ్ అని పిలిచే తరానికి 1474వ సంఖ్య గల దోషం ఉంది: చివరిసారి రీసెట్ అయిన దగ్గర్నుంచి దాదాపు 1,044 రోజులు గడిచాక ఒక కోర్ సీసీ6 అనే నిద్ర నుంచి బయటికి రాలేకపోవచ్చు. గమనించవలసినది ఏమిటంటే, ఆ కోర్ పని చేస్తూ ఆగిపోలేదు, పడుకున్నది లేవలేకపోయింది. ఆలోగా రీబూట్ చేయడమో, ఆ నిద్రనే రద్దు చేయడమో దానికి పరిష్కారం. ఇక ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ 2024లో లోకమంతా విన్నదే. అధిక వోల్టేజీ వల్ల లోపలి సర్క్యూట్ అరిగిపోతోందని ఇంటెల్ తేల్చింది. ఆ సెప్టెంబరులో ఇచ్చిన మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి ఆదేశాల సవరణ, దేనికోసమని చెప్పిందో చూడండి: కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడో, తేలికపాటి పనిలో ఉన్నప్పుడో ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజీ అడగడాన్ని సరిదిద్దడానికి. 2025లో మరో మైక్రోకోడ్ ఇవ్వవలసి వచ్చింది. అది రోజుల తరబడి ఆపకుండా తేలిక పనులతో నడిచే యంత్రాల కోసం. ఎస్‌ఎస్‌డీల సంగతీ ఇంతే. లినక్స్ 2017లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలను వాటంతటవే నిద్రలోకి జారనిచ్చే సౌకర్యం తెచ్చినప్పుడు కొన్ని మోడళ్లు ఆ నిద్ర నుంచి సరిగా తిరిగి రాలేదు. వాటిని ఆ నిద్రకు దూరంగా ఉంచే మినహాయింపులు కెర్నల్‌లోనే రాయవలసి వచ్చింది. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు భాగాలు, పదేళ్ల పైచిలుకు కాలం. అన్నిచోట్లా తప్పు దొరికింది పనిలేని సమయంలోనో, తేలికపాటి పని సమయంలోనో.

ఇంత చరిత్ర ఉన్నా మన పరీక్షలు మాత్రం బరువు పని చుట్టూనే తిరుగుతాయి. ప్రైమ్95 ప్రాసెసర్‌ను ఉడికిస్తుంది, ఫర్‌మార్క్ గ్రాఫిక్స్ కార్డును ఉడికిస్తుంది, మెమ్‌టెస్ట్ ర్యామ్‌ను క్షణం ఊపిరి పీల్చుకోనివ్వదు. మూడూ గెలిస్తే యంత్రం భేషుగ్గా ఉందని తీర్పు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీది 80 ప్లస్ ముద్ర కూడా ఇదే కోవలోకి వస్తుంది. మామూలు తరగతుల్లో ఆ కొలతలు తీసేది 20, 50, 100 శాతం బరువుల దగ్గర. టైటానియం తరగతికి వచ్చేసరికి 10 శాతం దగ్గర కూడా కొలుస్తారు. 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు 20 శాతం అంటే 150 వాట్లు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 50, 60 వాట్ల దగ్గర తిరుగుతుంది, అంటే ఎనిమిది శాతం లోపే. ఆ ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేదే తప్ప వోల్టేజీ నిలకడకు హామీ కాదన్నది నిజమే. అయినా మన ఇళ్లలో ఎక్కువ గంటలు యంత్రం ఉండే పరిధిలో ఆ ముద్రకు కొలతే లేదన్నది గుర్తు పెట్టుకోవాలి. వోల్టేజీని తగ్గించి వేడి తగ్గించుకునే అండర్‌వోల్టింగ్ అలవాటున్నవాళ్లు ఈ ఉచ్చులో మరీ తేలిగ్గా పడతారు. 2020లో వచ్చిన రైజెన్ 5000 తరంలో కర్వ్ ఆప్టిమైజర్‌తో ప్రతి కోర్‌కూ వోల్టేజీ కోయవచ్చు. అన్ని కోర్లూ కలిసి చెమటోడుస్తున్నప్పుడు వేగం కాస్త తగ్గే ఉంటుంది కాబట్టి ఆ కోత సరిపోతుంది. అంతా ఖాళీగా ఉండి, చిన్న పనికోసం ఒకే ఒక్క కోర్ చటుక్కున లేచి తన గరిష్ఠ వేగానికి ఎగబాకినప్పుడు అదే కోత చాలదు. పన్నెండు గంటల ఒత్తిడి పరీక్ష గెలిచిన సెట్టింగు ఆ ఒక్క ఎగబాకుడులో ఓడిపోతుంది.

నా వాదనకే ఎదురు నిలిచే ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మనిషి లేనప్పుడు యంత్రం నిజంగా ఖాళీగా ఉంటుందా? విండోస్ 8 నుంచి ఆటోమేటిక్ మెయింటెనెన్స్ అని ఒక ఏర్పాటు ఉంది. డిస్కును సర్దడం, అప్‌డేట్లు చూడటం, వైరస్ స్కాన్ లాంటివి మనిషి కీబోర్డు దగ్గర లేడని చూసుకుని మొదలవుతాయి. అలాంటప్పుడు హ్యాంగ్ అవడానికి అసలు కారణం పాడైపోతున్న డిస్కు కావచ్చు, చెడ్డ డ్రైవర్ కావచ్చు, నిద్రకు ఏ సంబంధమూ లేకపోవచ్చు. ఇంకో అవకాశం కూడా ఉంది: యంత్రం అసలు ఆగకపోవచ్చు, తెర ఒక్కటే తిరిగి రాకపోవచ్చు. యంత్రం ఆగడాన్నీ, తెర ఒక్కటే రాకపోవడాన్నీ మొదట్లోనే విడదీయాలి. క్యాప్స్‌లాక్ నొక్కితే కీబోర్డు మీద దీపం వెలిగి ఆరుతోందా? ఇంట్లో మరో కంప్యూటర్ నుంచి పింగ్ చేస్తే బదులు వస్తోందా? వస్తుంటే ప్రాసెసర్ బతికే ఉంది, వెతకాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌లో, మానిటర్ కేబుల్‌లో. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కీలు నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దానితో తెర తిరిగొచ్చిందంటే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం మానుకోవచ్చు. దీపమూ వెలగక, పింగూ అందకపోతేనే అది అసలైన నిలుపుదల. అక్కడి నుంచే నా వాదన మొదలవుతుంది.

అసలైన నిలుపుదలలో ఉన్న పెద్ద ఇబ్బంది, అది తన గురించి ఏమీ రాసిపెట్టదు. రాయవలసిన యంత్రమే ఆగిపోయింది మరి. మళ్లీ ఆన్ చేశాక విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఒక నమోదు కనిపిస్తుంది. పవర్ అని ఉంది కాబట్టి కరెంటు సమస్యేనని చాలామంది తేల్చేస్తారు. ఆ నమోదు చెప్పేది ఒకటే: కిందటిసారి పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. బటన్ నొక్కిపట్టి ఆపింది మనమే కదా, అది రాయక తప్పదు. కారణం గురించి అందులో ఏమీ లేదు. ఇంతకన్నా ఎంతో ఉపయోగపడే సాక్ష్యాన్ని మనమే తయారు చేసుకోవచ్చు. నిమిషానికోసారి టైమును ఒక ఫైలులో రాసే చిన్న స్క్రిప్ట్ పెడితే, చివరి పంక్తి నిలుపుదల జరిగిన నిమిషాన్ని చెబుతుంది. చేయి తీసిన ఎంతసేపటికి ఆగిందో అలా కొన్నిసార్లు కూడబెడితే ఒక ఆకారం కనిపిస్తుంది. ప్రతిసారీ ఇరవై నిమిషాల చుట్టుపక్కలే ఆగుతుంటే, పవర్ ప్లాన్‌లో హార్డ్‌డిస్క్‌ను ఆపే గడువు సాధారణంగా 20 నిమిషాలే ఉంటుందని గుర్తు తెచ్చుకోవాలి. తెర ఆరిన మరుక్షణమే ఆగుతుంటే చూపు గ్రాఫిక్స్ వైపు మళ్లాలి. రాత్రి రెండింటికి ఆగుతుంటే మెయింటెనెన్స్ వైపు. దానికి విండోస్ మామూలుగా పెట్టే వేళ అదే. ఒకసారి నాలుగు నిమిషాలకూ, మరోసారి మూడు గంటలకూ, ఏ వరసా లేకుండా ఆగుతుంటేనే ప్రాసెసర్ నిద్ర మీద, ఎస్‌ఎంపీఎస్ మీద, ర్యామ్ వేగం మీద అనుమానం బలపడుతుంది. గడువులన్నీ గడియారం ప్రకారం నడుస్తాయి. కోర్ నిద్ర ఆ లక్షల రాకపోకల్లో ఎప్పుడో ఒకసారి తడబడుతుంది.

ఇక్కడే అసలు తార్కికమైన చిక్కు వస్తుంది. ఏదో ఒకటి మార్చాం, రెండు రోజులు హ్యాంగ్ అవలేదు. నయమైందా? జరగకపోవడాన్ని రుజువుగా ఎప్పుడు తీసుకోవాలన్నది మన తర్క సంప్రదాయంలో ఎంతో లోతుగా చర్చించిన విషయం. భాట్ట మీమాంసకులూ, అద్వైతులూ అనుపలబ్ధిని, అంటే కనిపించకపోవడాన్ని, ఒక ప్రమాణంగానే ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు: ఉండి ఉంటే తప్పక కనిపించేంత యోగ్యత అక్కడ ఉండాలి. చీకటి గదిలో కుండ కనిపించలేదంటే కుండ లేదని చెప్పలేం. వెలుతురులో చూసి కనిపించకపోతేనే లేదనగలం. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే జబ్బును ఒత్తిడి పరీక్షలతో వెతకడం చీకట్లో కుండ కోసం చూడటమే. రెండు రోజుల ప్రశాంతతను రుజువనుకోవడమూ అంతే, ఎందుకో లెక్క వేసి చూడొచ్చు. ఒక యంత్రం సగటున మూడు రోజులకోసారి ఆగుతోందనీ, ఏ క్షణంలోనైనా ఆగే అవకాశం సమానమనీ అనుకుందాం. ఏమీ బాగు చేయకపోయినా మూడు రోజులు ప్రశాంతంగా గడిచే అవకాశం దాదాపు 37 శాతం. తొమ్మిది రోజులు గడిస్తే ఆ అవకాశం 5 శాతానికి దిగుతుంది. అంటే మునుపటి సగటు వ్యవధికి మూడింతలు, అదే తీరులో ఖాళీగా వదిలేసి వేచి చూస్తేనే ఒక మార్పు పనిచేసిందని ధైర్యంగా చెప్పగలం. ఫార్మాట్ కొట్టగానే నయమైందనీ, వారం తర్వాత మళ్లీ వచ్చిందనీ వినిపించే కథల్లో చాలావరకు ఈ 37 శాతంలోనివే. అక్కడ ఫార్మాట్‌కూ ప్రశాంతతకూ ఉన్న సంబంధం కాకతాళీయం.

అంత ఓపిక ఎవరికుంటుంది, ఒక్కో మార్పుకు తొమ్మిది రోజులైతే పది మార్పులకు మూడు నెలలు కాదా అని ఎవరైనా అడిగితే అడగవలసిన మాటే అడిగారు. ఒక్కసారి ఒక్కటే మార్చాలన్న నియమాన్ని గుడ్డిగా పట్టుకోవడం వల్ల వచ్చే కష్టం అది. మొదట అనుమానితులనందరినీ ఒకేసారి పక్కకు పెట్టడమే తెలివైన పని. బయోస్‌లో అన్నీ ఫ్యాక్టరీ స్థితికి తేవాలి. ర్యామ్‌కు పెట్టుకున్న ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో వేగాలు తీసేయాలి, ఎందుకంటే అవి ప్రామాణిక వేగాలను దాటిన ఓవర్‌క్లాకింగే. అండర్‌వోల్టింగ్ ఉంటే తీసేయాలి, ప్రాసెసర్ గాఢ నిద్రలు ఆపేయాలి, పీసీఐ లింకుల పొదుపు, యూఎస్‌బీ పొదుపు, డిస్కు నిద్ర ఆపేయాలి. ఇన్నీ ఆపాక కూడా యంత్రం ఆగుతూనే ఉంటే నా వాదన ఆ యంత్రానికి వర్తించదు. తప్పు మరోచోట ఉంది, ర్యామ్‌నో బోర్డునో పట్టుకోవాలి. ఆగకపోతే, అందులో సగం తిరిగి పెట్టి చూడాలి, మళ్లీ దానిలో సగం. అలా పది అనుమానాలు మూడు నాలుగు విడతల్లో ఒకటికి వస్తాయి. చివర్లో చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది: దొరికిన దోషిని కావాలని తిరిగి పెట్టి జబ్బు మళ్లీ వస్తోందో లేదో చూడటం. అది ఉంటే జబ్బు ఉండాలి, అది లేకపోతే జబ్బు పోవాలి. అన్వయ వ్యతిరేకాలు రెండూ కుదిరినప్పుడే కారణం దొరికినట్టు. నయమైన యంత్రాన్ని మళ్లీ చెడగొట్టుకోవడం మనసుకు ఒప్పదు, కానీ ఆ కొద్ది రోజుల కష్టం తర్వాత నెలల తరబడి అనుమానపు బతుకును తప్పిస్తుంది.

దోషి నిద్రేనని తేలితే ఆ నిద్రను శాశ్వతంగా ఆపేసి హాయిగా ఉండొచ్చు కదా అన్నది తర్వాత వచ్చే ప్రశ్న. కొన్నిసార్లు ఉండొచ్చు. ప్రాసెసర్ తయారీలోనే దోషం ఉందని కంపెనీ ఒప్పుకున్నచోట ఆ సెట్టింగే సరైన మందు, దాన్ని మించింది లేదు. ఖర్చు కూడా భరించలేనంత కాదు: నిద్ర లేకపోవడం వల్ల యంత్రం 20 వాట్లు ఎక్కువ వాడిందనుకుందాం, రోజుకు 8 గంటల చొప్పున నెలకు 4.8 యూనిట్లు. మే నెలలో ఆ ఇరవై వాట్లు కూడా గదిలో వేడిగానే మారతాయన్నది వేరే బాధ. అయితే కారణం ఏదన్నదాన్ని బట్టి ఈ మందు విలువ మారుతుంది. ఎస్‌ఎంపీఎస్ ముసలిదై కొద్దిపాటి బరువు దగ్గర వోల్టేజీని పట్టి ఉంచలేకపోతుంటే, నిద్ర ఆపేయడం వల్ల దాని జబ్బు కనబడకుండా పోతుందే గానీ తగ్గదు. అది తర్వాత మరో రూపంలో బయటపడవచ్చు, అప్పుడు దానితోపాటు డిస్కులోని డేటా కూడా ప్రమాదంలో ఉంటుంది. కాబట్టి నిద్ర ఆపితే జబ్బు పోయిందని తేలాక కూడా, నిద్రను మళ్లీ తెరిచి వేరే ఎస్‌ఎంపీఎస్‌తో ఒకసారి చూడటం అవసరం. స్నేహితుల దగ్గర అరువు తెచ్చినా చాలు. పాత కంప్యూటర్ నుంచి తీసి కొత్తదానికి పెట్టిన ఎస్‌ఎంపీఎస్ అయితే ఈ పరీక్ష అన్నిటికన్నా ముందే చేయాలి.

బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొనుక్కుంటే ఈ తలనొప్పే ఉండదని అనేవాళ్లకు సగమే ఒప్పుకుంటాను. ఇంటెల్ బే ట్రెయిల్ ప్రాసెసర్లతో వచ్చిన చిన్న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు కంపెనీలు బిగించినవే. లినక్స్‌లో వాటి గాఢ నిద్రను పరిమితం చేస్తే గానీ నిలుపుదలలు తగ్గలేదు. కంపెనీ ముద్ర ఈ జబ్బును రానివ్వదని చెప్పలేం. తేడా బాధ్యతలో ఉంది. కంపెనీ యంత్రంలో ఈ ఎస్‌ఎంపీఎస్, ఈ బోర్డు, ఈ ఎస్‌ఎస్‌డీ కలిసి ఎలా పడుకుని ఎలా లేస్తాయో ఒకరు చూసి ఉంటారు, కనీసం చూడవలసిన బాధ్యత ఒకరికి ఉంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట నాలుగు షాపులు తిరిగి నాలుగు ధరలు పోల్చి తెచ్చుకున్న భాగాల కలయిక ప్రపంచంలో మరెక్కడా ఉండకపోవచ్చు. ఒక్కో భాగానికీ ఒక్కో వారంటీ ఉంటుంది, ఆ కలయికకు ఏ వారంటీ ఉండదు. విడిగా చూస్తే ప్రతి భాగమూ మంచిదే కావచ్చు. షాపులో పెట్టి గంటసేపు గేమ్ నడిపి, బాగానే ఉంది తీసుకెళ్లండి అనడంలో అబద్ధమేమీ లేదు. వాళ్లు నడిపిన పరీక్షలో అది నిజంగానే బాగుంది. అందుకే అక్కడికి వెళ్లే మనిషి చేతిలో ఒక కాగితం ఉండాలి: ఏ సెట్టింగు ఉంటే ఎన్ని రోజులకు ఎన్నిసార్లు ఆగింది, ఏది తీస్తే ఎన్ని రోజులు ఆగలేదు, తిరిగి పెడితే ఎన్నో రోజున మళ్లీ ఆగింది, వేరే ఎస్‌ఎంపీఎస్‌తో ఏమైంది. అన్వయమూ వ్యతిరేకమూ రెండూ రాసి ఉన్న కాగితాన్ని గంటసేపటి గేమ్ తోసిపుచ్చలేదు.

కంప్యూటర్లు బిగించి ఇచ్చేవాళ్లను నేను కోరేది కూడా ఒకటుంది. అప్పగించే ముందు ఒత్తిడి పరీక్షలు చేస్తున్నారు, మంచిదే, చేయాలి. వాటితోపాటు ఆ యంత్రాన్ని ఒక రాత్రంతా ఊరికే వదిలేయాలి. పొదుపు సెట్టింగులన్నీ కొనుగోలుదారు ఇంట్లో ఎలా ఉంటాయో అలాగే ఉంచి, తెర ఆరనిచ్చి, డిస్కు పడుకోనిచ్చి, టైము రాసే స్క్రిప్ట్ ఒకటి వెనక నడవనిచ్చి, పొద్దున్నే షాపు తెరిచాక కీబోర్డు ముట్టుకుని చూడాలి. మూడు రోజులకోసారి వచ్చే జబ్బును ఒక్క రాత్రి పట్టుకోలేదని నేను పైన వేసిన లెక్కే చెబుతుంది. కానీ రాత్రికోసారి, గంటకోసారి వచ్చేవి దొరికిపోతాయి, అవి దొరికినా మేలే. ఆ పరీక్షకు కావలసింది ఒక ప్లగ్ పాయింటూ, అర యూనిట్ కరెంటూ.